మతము లేక నీతి నిలుచునా?

గత బసవ జయంతినాడు ఆమదాలవలసలో జరిగిన చిన్న సభలో ఉపన్యాసము ముగిసిన పిమ్మట, కళాశాలలో చదువుచున్న యువకుడొకడు లేచి యిట్లు ప్రశ్నించెను: "అయ్యా, తూకములో మోసము చేయని నాస్తికుడొకడు, లింగధారియై యుండియు తూకములో మోసగించువాడొకడు. వీరిలో శివునకు దగ్గరివాడెవడు?" కొందరు నవ్విరి, కొందరు కోపించిరి. నీతి మతమునుండియే పుట్టుచున్నదా, మతము లేకయు నిలువగలదా యను విచారము ఆ ప్రశ్నలో నిమిడియున్నది. దానిని నవ్వి త్రోసివేయుట తగదు.

ఈ విచారమున మన ప్రాంతమే మొదటి సాక్షి. సమీపమందలి సంగమయ్య కొండపై జైన అవశేషములు కలవు. వంశధారా తీరమున శాలిహుండములో బౌద్ధ స్తూప చైత్యములు కలవు. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వానిని వెలుగులోనికి తెచ్చిరి. జైనులు గాని బౌద్ధులు గాని జగత్కర్తయగు ఈశ్వరుని అంగీకరించినవారు కారు. అయినను అహింస, సత్యము, పరద్రవ్యమును ముట్టకుండుట వారికి వ్రతములు. కనుక ఈశ్వరభయము లేనిదే నీతి యుండదనుట చరిత్రకు విరుద్ధము. అవియు మతములే కదా యని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము సమంజసమే. కావున మతమును పూర్తిగా విడిచినవాని జీవితమును చూడవలయును.

గోరా యని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు 1902లో ఛత్రపురమున జన్మించిరి. నాడు ఛత్రపురమును, శ్రీకాకుళమును గంజాం జిల్లాలోనివే. ఆ లెక్కను ఆయన మనవారే. వృక్షశాస్త్రము బోధించుచు, నాస్తిక భావముల కారణమున ఉద్యోగము కోల్పోయిరి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడ పటమటకు మారెను. దేవుని గూర్చి గాంధీమహాత్మునితో ఆయన జరిపిన సంభాషణలను 1951లో నవజీవన్ సంస్థ గ్రంథముగ ప్రచురించెను. బ్రాహ్మణ కుటుంబమున పుట్టిన గోరాగారు తమ పెద్ద కుమార్తె మనోరమను, అస్పృశ్యులని లోకము దూరముంచిన కులమున జన్మించిన అర్జునరావుగారి కిచ్చి వివాహము చేయ నిశ్చయించిరి. ఆ వివాహము సేవాగ్రామమున జరుగవలెనని మహాత్ముడు కోరెను. ఆయన మరణానంతరము 1948 మార్చిలో అచ్చటనే జరిగెను.

శరణ చరిత్ర నెరిగినవారికి ఇచట కల్యాణపురము స్మరణకు రాక మానదు. పన్నెండవ శతాబ్దమున చర్మకారుడైన హరళయ్యగారి కుమారునకు, బ్రాహ్మణుడైన మధువయ్యగారి కుమార్తెనిచ్చి శరణులు వివాహము చేసిరి. బిజ్జలుడు ఆ తండ్రులను క్రూరముగ శిక్షించెనని మన సంప్రదాయము చెప్పుచున్నది. కల్యాణము అల్లకల్లోలమయ్యెను. ఒకరు శివుడున్నాడు గనుక కులము లేదనిరి. మరియొకరు దేవుడే లేడనుచు కులము లేదనిరి. చేసిన పని ఒక్కటే. దానిని ఒకచోట నీతియనియు, వేరొకచోట కాదనియు అనుటకు నాకు నోరు రాదు.

గోరాగారు ఆస్తిక గృహమున పెరిగినవారు గనుక ఆయన నీతి మతము పెట్టిన భిక్షయేయని కొందరందురు. ఈ వాదము నాకు నచ్చదు. అట్లైన, వైదిక గృహమున పుట్టిన బసవేశ్వరుని కీర్తియు, ఆయన విడిచివచ్చిన యజ్ఞోపవీతమునకే చెందవలసివచ్చును.

మతము పేరనే అవినీతి సాగుటయు కలదు. దేవతకు అర్పణమని బాలికలను జోగినులుగ విడిచిన ఆచారము తెలంగాణమున సాగినది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అట్టి సమర్పణములను నిషేధించుచు చట్టము చేసెను. నిజామాబాదు ప్రాంతమున ఆ స్త్రీల పునరావాసమునకు శ్రమించినవారు గోరాగారి కుమారుడు లవణంగారు, ఆయన భార్య, జాషువ కవిగారి కుమార్తె హేమలతగారు.

ఇక మన సిద్ధాంతమేమి? అష్టావరణములు అంగమనియు, పంచాచారములు ప్రాణమనియు పెద్దలు నిర్ణయించిరి. లింగము, విభూతి, రుద్రాక్ష, మంత్రము అంగములో చేరినవి. న్యాయార్జనమును విధించు సదాచారము, లింగధారులందరు సమానులను శివాచారము ప్రాణములో చేరినవి. అంతశ్శుద్ధి, బహిశ్శుద్ధి ఏవో చెప్పిన ప్రసిద్ధ వచనమున బసవేశ్వరుడు పూజాద్రవ్యమును ఒక్కటియు పేర్కొనలేదు. అందున్నవన్నియు నడవడికి సంబంధించినవే. కనుక నీతి లేని మతము మన లెక్కలో శవము. మతము లేని నీతి బ్రతుకగలదని గోరాగారి జీవితము చూపినది.

అయిన మతమెందుకు? నా మట్టుకు నాకు దాసోహము వలన. మేలు చేసినవానికి "నేను చేసితిని" అను గర్వము తప్పదు. పెట్టినది శివునిదే, తిన్నవాడును శివుడేయను భావన ఆ గర్వమును కొంత కరగించును. నాస్తికునకు వినయ ముండదని దీని యర్థము కాదు. నావంటి దుర్బలునకు దినదినము అరచేతిలో లింగము నుంచుకొని ఆ మాటను జ్ఞాపకము చేసికొనవలసిన యవసరము కలదు.

ఆ యువకునితో ఇదంతయు చెప్పితిని. అతడు శ్రద్ధగ విని, "మీ యింట సంబంధములు చూచునప్పుడు శాఖ అడుగుట లేదా?" యనెను. పెద్దకుమారుని వివాహమున అడిగియుంటిమి. చిన్నకుమార్తెకు ఇప్పుడు చూచుచున్నాము. అప్పుడు నేను బదులు చెప్పలేదు. ఇంటికి వచ్చి, సంబంధములకై వ్రాసియుంచిన వివరముల కాగితమున శాఖ యను పంక్తిని కొట్టివేసితిని. మా యింటివారు ఇంకను సమ్మతింపలేదు.