ఆ మాట ఎవరికి తగిలింది?

పదకొండేళ్ల పిల్లాడు అంట్లు తోమడానికి వచ్చే ఆవిడతో "అడ్డు లే" అంటే మనం విననట్టే ఊరుకుంటాం. అదే పిల్లాడు పండక్కి వచ్చిన మామయ్యతో "నీకెందుకు" అన్నాడా, వీపు చిట్లుతుంది. ఎవరి మనసు ఎక్కువ నొచ్చుకుందో చూస్తే మొదటి మాటే పెద్దది. మామయ్య తిరిగి కేకలేయగలడు, నిష్ఠూరాలాడగలడు, వచ్చే పండక్కి రానని బెదిరించగలడు. ఆవిడ మాత్రం తల దించుకుని పక్కకు జరుగుతుంది. అయినా మనకు ఒళ్లు మండేది మామయ్య విషయంలోనే. పిల్లల నోటి దురుసు మీద మనకొచ్చే కోపంలో సగానికి సగం, నలుగురిలో తలకొట్టేసినట్టయిందన్న ఉక్రోషమే. పిల్లలు ఈ గుట్టు ఇట్టే పసిగడతారు. అప్పుడు వాళ్లు నేర్చుకునేది మర్యాద కాదు, ఎవరి ముందు నోరు కట్టుకోవాలో, ఎవరి ముందు అక్కర్లేదో.

అందుకే తొమ్మిది నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్ని దారిలో పెట్టాలనుకునే అమ్మానాన్నలు ముందు తమను తాము అడగాల్సింది ఒకటుంది. ఆ మాట ఎవరికి తగిలింది? మన పరువుకా, ఎదుటి మనిషికా? పరువుకే అయితే కాసేపు ఊరుకోవడం మంచిది. మనిషికి తగిలితే మాత్రం, ఆ మనిషి ఎవరైనా సరే, ఊరుకోకూడదు.

ఈ వయసు వచ్చేసరికి మన దగ్గర వాళ్లకు చాలా పాఠాలు అయిపోయి ఉంటాయి. మూడేళ్లప్పుడు తాతను "ఒరేయ్" అంటే ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వాం. "ఏదీ, తాతను ఏమన్నావో మళ్లీ అను" అని ఫోన్‌లో వీడియో తీసి చుట్టాలందరికీ పంపాం. ఎంత గడుసుదనమో అని మురిసిపోయాం. అదే గడుసుదనం పదకొండేళ్లకు పొగరు అయిపోయింది. మధ్యలో ఎప్పుడు మారిందో వాడికి ఎవరూ చెప్పలేదు.

అంతకంటే పెద్ద పాఠం భోజనాల దగ్గర జరుగుతుంది. నాన్న అమ్మతో "నీకేం తెలుసు, నువ్వూరుకో" అంటాడు. అమ్మ అత్తగారి గురించి ఫోన్‌లో చెల్లెలితో ఎకసెక్కంగా మాట్లాడుతుంది. నాన్న ఆలస్యంగా వచ్చిన డెలివరీ కుర్రాడి మీద గయ్యిమంటాడు. పిల్లాడు నాన్నమ్మతో "నీకేం తెలుసు" అన్న రోజున ఆ వాక్యం ఎక్కడిదో ఒక్కసారి వెతకండి. చాలా ఇళ్లలో అది అరువు తెచ్చుకున్న మాటే, గొంతులోని విసురుతో సహా. అలాగని అమ్మానాన్నలు పోట్లాడుకోకూడదని కాదు, పోట్లాడుకోని ఇల్లుంటుందా? పిల్లల ఎదుట నోరు జారినప్పుడు, పిల్లల ఎదుటే "ఇందాక అలా అనకుండా ఉండాల్సింది" అని ఒక్క మాట అనుకోగలిగితే, పిల్లాడికి అది పది హితబోధల పెట్టు.

ఇక వయసు సంగతి. ఆడపిల్లల్లో ఎనిమిది నుంచి పదమూడేళ్ల మధ్య, మగపిల్లల్లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య శరీరంలో యుక్తవయసు మార్పులు మొదలవుతాయి. ఆవేశాన్ని పట్టి ఆపే మెదడు ముందు భాగం పూర్తిగా పరిణతి చెందడానికి ఇరవై దాటి ఇంకొన్నేళ్లు పడుతుంది. మన దగ్గర సరిగ్గా ఇదే సమయానికి బడి కూడా మారుతుంది. ఊళ్లోని ప్రాథమిక పాఠశాల వదిలి ఆరో తరగతికి జిల్లా పరిషత్ హైస్కూలుకు పోవడం, పట్నంలో అయితే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పొద్దున బస్సెక్కి చీకటి పడ్డాక దిగడం. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘం చెబుతోంది. రాత్రి పదకొండుకు హోంవర్కు ముగించి పొద్దున ఆరింటికి లేచే పిల్లకు అందులో ఎంత దక్కుతుందో లెక్క కట్టండి. మీ పిల్ల రోజూ ఒకే వేళకు చిటపటలాడుతోందా? బడినుంచి రాగానే ఎవరు పలకరించినా కసురుకుంటోందా? క్రమశిక్షణ గురించి ఆలోచించే ముందు ఒక ప్లేటు ఉప్మా పెట్టి చూడండి. చాలాసార్లు సగం పొగరు ఆకలే.

మిగిలిన సగంలో అసలు దేన్ని దిద్దాలి? ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఎదురు చెప్పడం వేరు, తీసిపారేయడం వేరు. "నాకు సంగీతం క్లాసుకు వెళ్లాలని లేదు" అన్నది అభిప్రాయం. గట్టిగా అన్నా సరే, వినాలి. "ఆ టీచరమ్మకు ఏమీ రాదు, వేస్ట్" అన్నది మనిషిని చులకన చెయ్యడం. రెండింటికీ ఒకే శిక్ష వేస్తే పిల్లలు రెండూ మానేస్తారనుకుంటాం. మొదటిది మానేసి, రెండోది మన వెనకాల కొనసాగిస్తారు. ఇక పిలుపుల విషయానికి వస్తే, తెలంగాణ పల్లెల్లో మనవలు తాతను "నువ్వు" అనే పిలుస్తారు, దానిలో ఎంత ఆపేక్ష! గోదావరి జిల్లాల్లో "అండి" తగిలించి కూడా ఎంచక్కా వెటకారం చెయ్యొచ్చు. పట్టించుకోవాల్సింది గొంతునీ, ఉద్దేశాన్నీ.

నోరు జారిన ఆ క్షణంలో ఏం చెయ్యాలంటే, వీలైనంత తక్కువ. "ఆ మాట బాగాలేదు. మళ్లీ చెప్పు" అని గొంతు పెంచకుండా, కళ్లలోకి చూసి అంటే చాలు. పిల్లాడు సరిచేసుకుంటే సంగతి అక్కడితో ఆగిపోవాలి. సరిచేసుకోకపోతే "సరే, తర్వాత మాట్లాడదాం" అని పక్కకు వెళ్లండి. అప్పటికప్పుడు పిన్ని ముందు, బాబాయి ముందు "సారీ చెప్పు, చెప్తావా లేదా" అని మెడ వంచితే బయటికొచ్చే సారీలో పశ్చాత్తాపం ఉండదు, పగ ఉంటుంది. పోయిన ఏడాది సంగతులు తవ్వడం, "మీ నాన్న పోలికే" అనడం, పక్కింటి అమ్మాయితో పోల్చడం వద్దు.

కొట్టడం గురించి ఇంకా చెప్పాలా? బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. టీచరు చేస్తే తప్పైనది ఇంట్లో ఒప్పు ఎలా అవుతుంది? బిడ్డల్ని దండించి పెంచడం మీద రచయిత చలం "బిడ్డల శిక్షణ"లో ఎప్పుడో తిరగబడ్డాడు. ఇప్పుడు చాలామంది "మేం చెయ్యెత్తం, నోటితోనే" అని కాస్త గర్వంగా చెప్పుకుంటున్నారు. ఆ నోటి సంగతీ చూద్దాం. 2013లో మింగ్-తె వాంగ్, సారా కెన్నీ అనే పరిశోధకులు అమెరికాలోని 976 కుటుంబాల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. పదమూడేళ్ల వయసులో తల్లిదండ్రుల కేకలు, తిట్లు, దెప్పిపొడుపులు ఎక్కువగా పడ్డ పిల్లల్లో ఏడాది తిరిగేసరికి దుడుకుతనమూ, దిగులూ పెరిగాయి. తిట్టినా లోపల బోలెడు ప్రేమ ఉంది కదా అనుకుంటే, ఆ ప్రేమ ఈ నష్టాన్ని తగ్గించలేదని కూడా అందులో తేలింది. మర్యాదగా మాట్లాడమని అమర్యాదగా అరిస్తే పిల్లలకు వినిపించేది అరుపే.

అసలు పని కోపాలు చల్లారాక మొదలవుతుంది. రాత్రి పక్క సర్దుతున్నప్పుడో, బండి మీద వెనక కూర్చోబెట్టుకుని వెళ్తున్నప్పుడో, ముఖాముఖీ చూసుకోనక్కర్లేని చోట పిల్లలు తేలిగ్గా మాట్లాడతారు. ముందు "ఏమైంది?" అని అడగండి. నాన్నమ్మ మాటిమాటికీ ఫోను లాక్కుందనో, స్నేహితుల ముందు ముద్దుపేరు పెట్టి పిలిచిందనో బయటికొస్తుంది. ఆ విసుగు న్యాయమైనదే కావచ్చు, ఒప్పుకోండి. ఆ తర్వాత "మరి నాన్నమ్మకు ఎలా అనిపించి ఉంటుంది?" అని అడిగి జవాబు కోసం ఆగండి. మౌనం ఎంతసేపున్నా మీరు నింపకండి.

అప్పుడు దిద్దుబాటు. తగిలిన మనిషి దగ్గరికి పిల్లాడే వెళ్లాలి, మీరు వెంట వెళ్లకూడదు. "నాన్నమ్మా, పొద్దున నోర్ముయ్ అన్నాను. ఫోన్ తర్వాత ఇస్తానని చెప్పాల్సింది." ఏమన్నాడో, ఏమని ఉండాల్సిందో రెండూ అందులో ఉండాలి. దాంతోపాటు ఒక పని. నాన్నమ్మ ఫోన్‌లో ఊరివాళ్ల ఫొటోలు తెరిచి చూపించడం, బీపీ మాత్రలు వారానికి సరిపడా డబ్బాలో సర్దిపెట్టడం. పనిచేసే ఆవిడను అన్నాడా, వారం పాటు తన కంచం తనే తోమాలి, అదీ ఆవిడ వచ్చేలోపు. ఆ వారంలో ఆవిడ పేరు, ఆవిడకు ఎంతమంది పిల్లలో, ఎక్కణ్ణుంచి నడిచి వస్తుందో తెలుసుకుంటే ఇంకా మంచిది. మన ఇళ్లలో ఇవి తెలియని పెద్దవాళ్లూ ఉన్నారు, అది వేరే కథ.

ఫోను తీసేసుకోవాలా? ఆ సాయంత్రానికి తీసుకోవచ్చు. నెల్లాళ్లు అన్నారంటే మూడో రోజున ఆన్‌లైన్ హోంవర్కు అడ్డం వచ్చి మీరే ఇచ్చేస్తారు, మీ మాటకు విలువ పోతుంది. ఒకవేళ పట్టుబట్టి నిలబడ్డా, పోగొట్టుకోవడానికి ఇంకేమీ లేని పిల్లాడికి నోరు అదుపులో పెట్టుకోవాల్సిన అవసరమేముంది? ఇంట్లో మాట ఒకటై ఉండడం కూడా ముఖ్యం. అమ్మ దిద్దుతుంటే తాతయ్య "చిన్నపిల్లాడు, పోనీలే" అనడం, వాడు నోరు పారేసుకున్నది తాతయ్య మీదే అయినా అనడం, తెలుగిళ్లలో మామూలే. ఆయనతో విడిగా, ముందుగానే మాట్లాడుకోండి.

ఇటు పిల్లల పక్షాన కూడా ఒక మాట. "ఏమే, ఇలా నల్లబడ్డావు?", "లావెక్కావు", "మార్కులెన్ని, మా వాడికి తొంభై ఎనిమిది" అని పలకరించే బంధువులకు పన్నెండేళ్ల పిల్ల "నీ సంగతి చూసుకో" అంటే తప్పు పిల్లదొక్కదానిదే కాదు. పిల్లకు వేరే వాక్యం ఇవ్వండి: "అత్తా, నా ఒంటి గురించి మాట్లాడితే నాకు నచ్చదు." దాన్ని మర్యాదగా చెబితే పిల్ల వెనక నిలబడండి. ఆ అత్త మూతి ముడుచుకుంటే ముడుచుకోనీయండి.

అందరితోనూ బాగా ఉండే పిల్ల ఒకే ఒక్క పెద్దమనిషి దగ్గర కసురుకుంటోంది, పలకరించమంటే మొండికేస్తోంది, పక్కన కూర్చోనంటోంది. అలాంటప్పుడు మర్యాద పాఠం పక్కన పెట్టి, ఒంటరిగా ఉన్నప్పుడు కారణం అడగండి. అతను ట్యూషన్ మాస్టారు కావచ్చు, వ్యాన్ డ్రైవరు కావచ్చు, సొంత బంధువే కావచ్చు. "పెద్దవాళ్లతో అలా ఉండకూడదు" అని ఆ పిల్లను అతని దగ్గరికి నెట్టకండి. చెప్పింది నమ్మండి. ఏం చెయ్యాలో తోచకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చెయ్యండి. అదేపనిగా నెలల తరబడి చిరాకు, నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, బడికి పోనని ఏడవడం ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడతారు.

ఇవేవీ లేకుండా మామూలుగా ముక్కు మీద కోపంతో ఉండే పిల్లలైతే, మార్పు మెల్లగా వస్తుంది. ముందు మాట జారాక నాలుక కరుచుకోవడం కనిపిస్తుంది. తర్వాత సగంలో ఆగిపోవడం. అలా ఆగిన రోజున "ఇందాక ఆపుకున్నావు, చూశాను" అని చెప్పండి, ఎవరూ లేనప్పుడు. కళ్లు తిప్పడం, మూతి విరవడం, తలుపు కాస్త గట్టిగా వెయ్యడం లాంటివి ఇంకో రెండు మూడేళ్లు ఉంటాయి, వాటిని చూడనట్టు ఊరుకోండి.