దాని పేరు మీద నా పరుగు

చెల్లెళ్ళూ, వంటలూ చీరలూ ఈసారికి పక్కన పెట్టి పరుగు గురించి మాట్లాడుకుందాం. "ఈ వయసులో మారథాన్ ఏమిటక్కా, మోకాళ్ళు అరిగిపోవూ?" అని మీలో కొందరు అడిగారు. నా పరుగు వెనక ఒక పిల్ల ఉంది. దాని సంగతి చెబితే మిగతాది మీకే అర్థమవుతుంది.

మా వీధిదే, నా ఈడుదే. తొక్కుడుబిళ్ళాటలో దాన్ని ఓడించినవాళ్ళు లేరు. ఆరో తరగతిలో జ్వరం పట్టుకుని ఎంతకీ వదల్లేదు. దెబ్బ తగలకుండానే చేతులంతా కమిలిన మచ్చలు. పట్నం తీసుకెళ్తే రక్తక్యాన్సర్ అన్నారు. మందులు పడ్డాక జ్వరం తగ్గింది, ముఖం తేటపడింది. అయితే ఆ జబ్బుకి వైద్యం రెండు మూడేళ్ళు సాగాలి. బస్సు చార్జీలు, గది అద్దె, హోటల్ తిండి, పనికి పోక వాళ్ళ నాన్న పోగొట్టుకున్న కూలి... ఎన్నాళ్ళని తట్టుకుంటారు? "పిల్ల బాగానే ఉందిగా" అనుకుని మధ్యలో మానేశారు. జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ బడి ముఖం చూడకుండానే వెళ్ళిపోయింది.

మందు లేక కాదమ్మా అది పోయింది. పిల్లల రక్తక్యాన్సర్‌ని తొలిసారి కొన్నాళ్ళయినా వెనక్కి తగ్గించిన అమినోప్టెరిన్‌ని తయారుచేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం. 1947 చివర్లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని పిల్లలకి ఇచ్చి చూశారు. అదే కోవకి చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుతున్నారు. ఇంకో ముఖ్యమైన మందు విన్‌క్రిస్టిన్, మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే. అలాగని ఆ ఆకులు దంచి తాగించేరు, అది విషం సుమా!

సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారని, చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం కూడా గట్టెక్కడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆలస్యంగా కనుక్కోవడం, వైద్యం మధ్యలో వదిలేయడం దీనికి పెద్ద కారణాలు. అందుకే ఊరుకాని ఊళ్ళో ఆ పిల్లల తల్లిదండ్రులకి తలదాచుకునే చోటూ, వేళకింత తిండీ దొరకాలి. ముంబైలో 2006లో మొదలై హైదరాబాద్‌కీ వచ్చిన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ చేస్తున్నది ఆ పనే. వైద్యం జరిగినన్నాళ్ళూ కుటుంబానికి ఉచితంగా బస ఇస్తారు. నా పరుగు పేరున చందాలుగా పోగైన డబ్బంతా ఇలాంటి బసకే ఇచ్చాను.

చందా అడగడానికి మొదట వెళ్ళింది ఆ పిల్ల వాళ్ళమ్మ దగ్గరికే. పింఛను డబ్బులోంచి రెండు నోట్లు తీసి నా గుప్పిట్లో పెట్టి, "ఎవరో ఒక తల్లి గది ఖాళీ చేయకుండా ఉంటే చాలే" అంది. ఇక ఆగుతానా చెప్పండి!

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో. నెక్లెస్ రోడ్డులో మొదలై గచ్చిబౌలి స్టేడియం చేరాలి. 42.195 కిలోమీటర్లు, పైగా ఫ్లైఓవర్ల ఎగుడు, వానాకాలపు ఉక్క. ఆ పిల్ల పేరు తెలుగులో రాసిన గుడ్డముక్కని పిన్నీసులతో వీపున పెట్టుకున్నాను. ఓ ఎత్తు దగ్గర పిక్కలు పట్టేసి నడుస్తుంటే, వెనకొస్తున్న కుర్రాడు ఆ పేరు పైకి చదివి, "ఎవరండీ?" అన్నాడు. చెప్పాను. ఎత్తు దాటేదాకా నా పక్కనే వచ్చాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఓ కొత్త గొంతు దాన్ని పేరుపెట్టి పిలిచింది!

మీకూ ఉందా మనసు? ముందు డాక్టరుకి చూపించుకోండి. నడకతో మొదలెట్టి, దూరాన్ని నెలల మీద మెల్లగా పెంచండి. నూలు బట్టలు చెమటకి ఒరుసుకుంటాయి, వద్దు. 42 వద్దనుకుంటే 10 కిలోమీటర్ల పరుగూ ఉంది. చందా ఇచ్చేవాళ్ళకి సంస్థ రసీదు అందేలా చూడండి.

ఇంకొక్క మాట. పిల్లలకి తగ్గని జ్వరం, పాలిపోవడం, ఊరికే కమలడం, ఎముకల నొప్పి, గడ్డలు, ఫొటోలో కంటిపాప తెల్లగా మెరవడం... ఇవేవి కనిపించినా రేపు మాపు అనకండి, వెంటనే చూపించండి. వైద్యం మొదలయ్యాక, పిల్ల తేరుకున్నట్టు కనిపించినా సరే, డాక్టరు చాలనేదాకా ఆపకండి. డబ్బుకి ఇబ్బందైతే నోరు తెరిచి అడగండి. అడిగిన తల్లికి ఆసరా దొరకాలనే మేమంతా పరిగెడుతున్నాం. వచ్చే ఆగస్టుకి మీరూ రండి, కలిసి పరిగెడదాం.