ల్యాప్‌టాప్‌పై టీ ఒలికితే ఏం జరుగుతుంది?

రాత్రి పన్నెండు దాటింది. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని మర్నాడు సమర్పించాల్సిన ప్రాజెక్టు నివేదికకు తుది మెరుగులు దిద్దుతోంది. పక్కనే స్టీలు గ్లాసులో టీ ఉంది. పుస్తకం కోసం చెయ్యి చాచగానే గ్లాసు ఒరిగి సగం టీ కీబోర్డు మీద పడింది. ఆమె గబగబా చున్నీతో తుడిచేసింది. తెర వెలుగుతూనే ఉంది. అక్షరాలూ పడుతున్నాయి. హమ్మయ్య, ఏమీ కాలేదని మరో అరగంట పని చేసుకుంది. అప్పుడు తెర ఒక్కసారి మినుక్కుమని ఆరిపోయింది. పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ల్యాప్‌టాప్ మళ్లీ వెలగలేదు.

ఇలాంటి ప్రమాదం ఎవరి ఇంట్లోనైనా జరగవచ్చు. అయితే ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ ల్యాప్‌టాప్‌కు ఎక్కువ నష్టం చేసింది టీ పడిన క్షణం కాదు, ఆ తరువాత గడిచిన అరగంట. ఆ అరగంటలో లోపల ఏం జరిగిందో అర్థమైతే, అలాంటి సమయంలో ఏం చేయాలో, ఏం చేయకూడదో ఎవరూ బట్టీపట్టాల్సిన పని లేదు.

నీరు నిజంగా విద్యుత్ వాహకమేనా?

నీటి గుండా కరెంటు ప్రవహిస్తుందని చిన్నప్పటి నుంచి వింటూనే ఉంటాం. నిజానికి స్వచ్ఛమైన నీరు చాలా బలహీనమైన వాహకం. ఒక సెంటీమీటరు ఘనం పరిమాణంలో ఉన్న అతి స్వచ్ఛమైన నీటి విద్యుత్ నిరోధం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద దాదాపు 1 కోటి 80 లక్షల ఓమ్‌లు ఉంటుంది. అంతే పరిమాణం గల సముద్రపు నీటి నిరోధం సుమారు 20 ఓమ్‌లు మాత్రమే. ఇంత తేడా రావడానికి కారణం నీరు కాదు, అందులో కరిగిన లవణాలు.

లవణం నీటిలో కరిగినప్పుడు అది అయానులుగా విడిపోతుంది. ధనావేశం గల అయానులు ఒకవైపు, ఋణావేశం గల అయానులు మరోవైపు కదులుతూ విద్యుత్తును మోసుకుపోతాయి. అయాను, ఎలక్ట్రోడు, ఆనోడు, కాథోడు వంటి పదాలను మైఖేల్ ఫారడే 1834లో శాస్త్ర పరిభాషలోకి తెచ్చాడు. అప్పట్లో ఆయన గాజు పాత్రల్లో గమనించిన విద్యుద్విశ్లేషణే ఈనాడు టీ ఒలికిన ల్యాప్‌టాప్‌లోనూ జరుగుతుంది.

మనం తాగే నీరు కూడా లవణాలు లేనిదేమీ కాదు. తాగునీటిలో కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చని భారతీయ ప్రమాణం చెబుతోంది. కాబట్టి మంచినీళ్లే కదా పడ్డాయని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

ఏది ఒలికితే ఎంత ప్రమాదం?

పాలు, చక్కెర కలిపిన టీలో మూడు రకాల సమస్యలు ఉన్నాయి. మొదటిది, పాలలోని కాల్షియం, పొటాషియం, సోడియం, క్లోరైడు వంటి అయానులు. లీటరు పాలలో ఖనిజ లవణాలు సుమారు 7 గ్రాములు ఉంటాయి. రెండవది, పాలలోని కొవ్వు, ప్రోటీన్లు. ఇవి సర్క్యూటు బోర్డు మీద పొరలా అంటుకుంటాయి. మూడవది చక్కెర. చక్కెర అయానులుగా విడిపోదు కాబట్టి అది నేరుగా విద్యుత్తును మోయదు. కానీ నీరు ఆవిరయ్యాక జిగురుగా మిగిలిపోయి, లవణాలను తనలో పట్టి ఉంచుతుంది, గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. కీలు ఇరుక్కుపోవడానికి కారణం కూడా అదే.

శీతల పానీయాల సంగతి ఇంకొంచెం వేరు. కోలా రకం పానీయాలలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. వాటి పీహెచ్ విలువ సుమారు 2.5. ఆమ్లానికి చక్కెర తోడవడంతో లోహపు భాగాలు త్వరగా దెబ్బతింటాయి. ఉప్పు వేసిన నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లంతో పాటు సోడియం క్లోరైడు కూడా ఉంటుంది. మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది, అందులోనూ ఉప్పు కలుపుతాం. ఒంటికి చలువ చేసే కొబ్బరినీళ్లలో పొటాషియం సమృద్ధిగా ఉంటుంది. మనిషికి మేలు చేసే ఈ లవణాలే కంప్యూటరుకు కీడు చేస్తాయి.

రెండు రకాల నష్టం

ల్యాప్‌టాప్ లోపల చాలా రకాల వోల్టేజీలు పక్కపక్కనే పనిచేస్తుంటాయి. ఛార్జర్ నుంచి వచ్చేది సాధారణంగా 19 లేదా 20 వోల్టులు. ప్రాసెసర్ కోర్ పనిచేసేది సుమారు 1 వోల్టుతో. ఈ రెండింటినీ వేరుచేసే దారులు బోర్డుపై అతి దగ్గరగా ఉంటాయి. కొన్ని కనెక్టర్లలో ఒక పిన్నుకూ మరో పిన్నుకూ మధ్య దూరం అర మిల్లీమీటరే. అంత సన్నని సందులో ఒక్క టీ చుక్క చేరినా వంతెన కట్టినట్టే. ఒక వోల్టు వెళ్లాల్సిన చోటికి 19 వోల్టులు వెళితే ఆ చిప్ అక్కడికక్కడే మాడిపోతుంది. ఇది మొదటి రకం నష్టం, క్షణాల్లో జరిగేది.

రెండవ రకం నష్టం నెమ్మదిగా జరుగుతుంది. తడిసిన రెండు లోహపు బిందువుల మధ్య వోల్టేజి ఉన్నప్పుడు, ధన ధ్రువం వైపున్న రాగి, తగరం, వెండి వంటి లోహాల పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయి అయానులుగా ద్రవంలోకి దిగుతాయి. అవి ఋణ ధ్రువం వైపు కదిలి, అక్కడ మళ్లీ లోహంగా పేరుకుంటాయి. ఆ పేరుకున్న లోహం చెట్టు కొమ్మల్లా చీలికలు చీలికలుగా ఎదురుగా ఉన్న ధన ధ్రువం వైపు పెరుగుతుంది. వీటిని డెండ్రైట్లు అంటారు. గ్రీకు భాషలో చెట్టు అనే అర్థం గల పదం నుంచి ఈ పేరు వచ్చింది. కొమ్మ అవతలి ఒడ్డుకు తాకగానే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. మరోవైపు లోహం కరిగిపోయిన దారి సన్నబడి చివరికి తెగిపోతుంది. పాడైన బోర్డులను విప్పినప్పుడు కనిపించే ఆకుపచ్చని మరకలు రాగి తుప్పు గుర్తులే.

టీ పడిన వెంటనే బాగానే పనిచేసిన ల్యాప్‌టాప్ అరగంటకో, వారానికో, వానాకాలం రాగానేనో ఆగిపోవడానికి కారణం ఇదే. పైకి ఆరినట్టు కనిపించినా లోపల మిగిలిన చక్కెర, లవణాల పొర తేమ తగిలిన ప్రతిసారీ ఈ చర్యను మళ్లీ మొదలుపెడుతుంది.

ఇంట్లో చేసి చూడదగ్గ ప్రయోగం

ఈ చర్యను విద్యార్థులు కళ్లతో చూడవచ్చు. ఒక గ్లాసు నీటిలో చిటికెడు ఉప్పు కలపాలి. 9 వోల్టుల బ్యాటరీ రెండు ధ్రువాలకు రెండు రాగి తీగలను కలిపి, వాటి కొనలు ఒకదానికొకటి తగలకుండా నీటిలో ముంచాలి. కొద్దిసేపట్లోనే ఋణ ధ్రువం వైపు తీగ నుంచి బుడగలు వస్తాయి. అది హైడ్రోజన్ వాయువు. ధన ధ్రువం వైపు తీగ రంగు మారుతుంది, దాని చుట్టూ నీళ్లు మసకబారతాయి. అదే లోహం కరిగి నీటిలోకి దిగుతోందనడానికి గుర్తు. బ్యాటరీ నుంచి ఒక తీగ తీసేస్తే బుడగలు ఆగిపోతాయి.

ఈ ప్రయోగాన్ని పెద్దల సమక్షంలో, కిటికీలు తెరిచిన గదిలో, దగ్గరలో నిప్పు లేకుండా కొద్ది నిమిషాలు మాత్రమే చేయాలి. ఇంటి కరెంటుతో దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అది ప్రాణాంతకం.

తీగ తీయగానే చర్య ఆగిపోవడం ఈ ప్రయోగంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం. నీరు అలాగే ఉంది, ఉప్పూ అలాగే ఉంది. పోయింది వోల్టేజి ఒక్కటే.

తడి, లవణం, వోల్టేజి

విద్యుత్తు వల్ల జరిగే ఈ నష్టానికి మూడూ కలవాలి: తడి, లవణం, వోల్టేజి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా చర్య సాగదు. తడి ఆరడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. లవణాన్ని తొలగించాలంటే బోర్డును విప్పి శుభ్రం చేయాలి. వోల్టేజిని తగ్గించడం మాత్రం కొన్ని సెకన్ల పని. అందుకే ద్రవం పడిన వెంటనే చేయాల్సిన మొదటి పని తుడవడం కాదు, విద్యుత్తును ఆపడం.

1. ముందుగా గోడ దగ్గర స్విచ్ ఆపి ఛార్జర్ తీసేయాలి. ప్లగ్గు లేదా సాకెట్టు తడిసి ఉంటే దాన్ని ముట్టుకోకుండా ఇంటి మెయిన్ స్విచ్ ఆపాలి.

2. పవర్ బటన్‌ను సుమారు పది సెకన్లు నొక్కి పట్టుకోవాలి. రాసింది సేవ్ కాలేదని ఆగితే, ఒక పేజీ కోసం మొత్తం కంప్యూటరును పణంగా పెట్టినట్టు అవుతుంది.

3. బ్యాటరీ బయటికి తీసే రకమైతే తీసేయాలి. యూఎస్‌బీ పరికరాలన్నీ విడదీయాలి. ల్యాప్‌టాప్ ఆగిపోయినా బ్యాటరీ ఉన్నంతసేపు కొన్ని భాగాలకు విద్యుత్తు అందుతూనే ఉంటుంది. లోపల బిగించిన బ్యాటరీ అయితే, మెకానిక్‌తో వీలైనంత త్వరగా దాని కనెక్షన్ తీయించాలి.

4. మూతను తెరిచి, కీబోర్డు కిందికి ఉండేలా పెంకుటింటి కప్పు ఆకారంలో తువ్వాలు మీద బోర్లించాలి. కీబోర్డు కిందనే ఉన్న బోర్డులోకి ద్రవం దిగకుండా ఇది కాపాడుతుంది. దులపకూడదు, ఊపకూడదు. పైనున్న తడిని రుద్దకుండా గుడ్డతో అద్దాలి.

5. పని చేస్తుందో లేదో చూద్దామని మళ్లీ ఆన్ చేయకూడదు. వీలైతే ఆ రోజే మరమ్మతు చేసేవారి దగ్గరకు తీసుకెళ్లి, ఏ పానీయం ఎంత పడిందో దాచకుండా చెప్పాలి.

బ్యాటరీ ఉబ్బినా, వేడెక్కినా, ఘాటైన వాసన లేదా పొగ వచ్చినా దాన్ని ముట్టుకోకూడదు. అందరూ గది నుంచి బయటికి వచ్చి అగ్నిమాపక సేవలకు ఫోన్ చేయాలి. లిథియం అయాన్ బ్యాటరీలో లోపల షార్ట్ సర్క్యూట్ జరిగితే మంటలు రావచ్చు.

బియ్యం డబ్బాలో పెడితే?

తడిసిన ఫోనును బియ్యంలో పెట్టడం చాలామందికి అలవాటు. ఇంట్లో నిల్వ ఉన్న బియ్యం గదిలోని గాలి తేమతో ఎప్పుడో సమతుల్యతకు వచ్చి ఉంటుంది. అది అదనంగా పీల్చుకునే తేమ చాలా తక్కువ. పైగా బియ్యపు పొడి రంధ్రాల్లోకి చేరుతుంది. తడిసిన ఐఫోన్లను బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ సంస్థే 2024లో తన వినియోగదారులకు సూచించింది. ఒకవేళ బియ్యం తేమను బాగా పీల్చినా, లవణాలూ చక్కెరా లోపలే మిగిలిపోతాయి. అంటే బియ్యం మూడింటిలో ఒక్క సమస్యనే, అదీ అరకొరగా తాకుతుంది.

హెయిర్ డ్రయ్యర్ కూడా మంచిది కాదు. దాని గాలి ద్రవాన్ని మరింత లోపలికి నెడుతుంది, వేడికి ప్లాస్టిక్ భాగాలు వంగిపోవచ్చు. ఎండలో పెడితే బ్యాటరీ వేడెక్కుతుంది.

అనుభవం ఉన్న మెకానిక్ అయితే బోర్డును బయటికి తీసి, భూతద్దం కింద పరిశీలించి, గాఢత ఎక్కువగా ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని బ్రష్‌తో శుభ్రం చేస్తారు. ఈ ఆల్కహాల్ నీటిలో పూర్తిగా కలిసిపోతుంది, త్వరగా ఆవిరైపోతుంది, వెనుక ఏమీ మిగల్చదు. కొందరు అల్ట్రాసోనిక్ యంత్రంలో శుభ్రపరుస్తారు. కీబోర్డును తరచుగా మార్చాల్సి వస్తుంది. ఈ ఆల్కహాల్‌కు సులభంగా నిప్పంటుకుంటుంది కాబట్టి తెలియనివారు ఇంట్లో ప్రయత్నించకపోవడమే మంచిది.

చాలా పరికరాల్లో తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్లు ఉంటాయి. సాధారణ వారంటీ ద్రవాల వల్ల కలిగిన నష్టానికి వర్తించదు. నీటిని తట్టుకుంటాయని చెప్పే ఫోన్లను కూడా పరీక్షించేది మంచినీటిలోనే. ఆ రక్షణ టీకో, సముద్రపు నీటికో హామీ కాదు.

యంత్రం పోయినా పని పోకూడదు

మొదట చెప్పుకున్న విద్యార్థిని ల్యాప్‌టాప్‌ను మర్నాడు విప్పి చూస్తే, ఛార్జింగ్ భాగం దగ్గర చిప్ మాడిపోయి కనిపిస్తుంది. బోర్డు మార్చాలంటే కొత్త యంత్రం ధరలో చాలా వంతు అవుతుంది. కానీ ఆమె నివేదిక ఉన్న ఎస్ఎస్‌డీ వేరే భాగం. దానికి టీ తగలకపోతే, దాన్ని తీసి మరో కంప్యూటరుకు కలిపి ఫైళ్లన్నీ తిరిగి పొందవచ్చు. ఇటీవలి కొన్ని నమూనాల్లో మాత్రం ఎస్ఎస్‌డీని బోర్డుకే అతికిస్తున్నారు. మరికొన్నింటిలో సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. రికవరీ కీ లేకుండా అది తెరుచుకోదు. ఆ కీని ముందుగానే వేరే చోట రాసి పెట్టుకోవాలి.

అందుకే నిపుణులు 3-2-1 అనే నియమం చెబుతారు. ముఖ్యమైన ఫైలుకు మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు వేర్వేరు రకాల సాధనాల్లో ఉండాలి, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్ డ్రైవ్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉంటే విద్యార్థికి సరిపోతుంది.

ఇక బాగుపడని కంప్యూటరును, దాని బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు కంప్యూటర్లకూ వర్తిస్తాయి. నమోదైన రీసైక్లింగ్ సంస్థలకు అప్పగిస్తే అందులోని రాగి, బంగారం వంటి లోహాలు తిరిగి వాడకంలోకి వస్తాయి, విషపదార్థాలు నేలలో కలవవు.

టీ తాగుతూ చదువుకోవడం మానాల్సిన పని లేదు. గ్లాసును ల్యాప్‌టాప్ ఉన్న బల్ల మీద కాకుండా, దానికంటే తక్కువ ఎత్తులో వేరే స్టూలు మీద పెట్టుకుంటే చాలు. ఒరిగినా నేల మీదే పడుతుంది. ఒకవేళ పొరపాటు జరిగితే గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: ముందు కరెంటు ఆపాలి, ఆ తరువాతే గుడ్డ కోసం వెతకాలి.