కంఠస్వరం: అనుకరణ, అపహరణ

ఉర్దూలో ఆవాజ్ అన్నా, తెలుగులో గొంతు అన్నా, చూడకుండానే మనిషిని గుర్తింపజేసేది కంఠస్వరమే. తలుపు వెలుపలి నుండి "నేనమ్మా" అన్న ఒక్క మాట వినబడితే చాలు, తల్లి గడియ తీస్తుంది. అక్కడ పేరుతో పనిలేదు, స్వరమే సాక్ష్యం. ఈ సాక్ష్యానికే నేడు ముప్పు వాటిల్లింది.

పరుల స్వరాన్ని పలికించడం మనకు కొత్త కాదు. వరంగల్లుకు చెందిన నేరెళ్ళ వేణుమాధవ్ (1932–2018) ధ్వన్యనుకరణకు కళాగౌరవం సంపాదించారు. అయితే ఆయన వేదికపై నిలిచి పలికేవారు. తాము వింటున్నది అనుకరణ అని సభికులకు తెలుసు. తెలిసి ఆనందించేది అనుకరణ. తెలియక మోసపోయేది వంచన.

నేటి యంత్రం స్వరంలోని హెచ్చుతగ్గులను, ఉచ్చారణను, విరామాలను సంఖ్యలుగా మార్చుకొని, ఆ మనిషి ఎన్నడూ పలుకని మాటలను సైతం అతని గొంతుతో పలికిస్తుంది. 2023లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ప్రకటించిన వాల్-ఇ అనే పద్ధతికి మూడు సెకన్ల నమూనా చాలును.

2020లో దివంగతులైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును 2023 నాటి ‘కీడా కోలా’ చిత్రానికై యంత్రంతో పునఃసృష్టించగా, తమ అనుమతి లేదని కుటుంబీకులు న్యాయవాది ద్వారా నోటీసు పంపారు. ‘లాల్ సలామ్’ అనే తమిళ చిత్రంలో దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల స్వరాలను వాడిన ఏ.ఆర్. రెహమాన్, వారి కుటుంబాల అనుమతి పొంది పారితోషికం చెల్లించామని 2024లో ప్రకటించారు. సాధనం ఒక్కటే, భేదమంతా అనుమతిలో ఉన్నది. అదే సంవత్సరం జూలైలో గాయకుడు అరిజిత్ సింగ్ స్వరాన్ని అనుమతి లేక వాడరాదని బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు నిచ్చింది.

ప్రఖ్యాతులకు న్యాయస్థానమున్నది. మరి సామాన్యునికో? అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ‘యాంటీఫేక్’ అనే ఉపాయాన్ని వెలువరించారు. రికార్డు చేసిన మాటలను బయటికి విడువక ముందే వాటిలో సూక్ష్మమైన మార్పులు చేస్తారు. మనుష్యులకు ఆ మాట యథాతథంగానే తోస్తుంది. దానిని నేర్వబోయిన యంత్రం మాత్రం దారి తప్పి వేరొక గొంతును పలుకుతుంది. కాని ఇదివరకే లోకంలోకి వెళ్ళిపోయిన స్వరాలను ఈ కవచం కాపాడజాలదు.

మన విద్యార్థులలో తండ్రియో, అన్నయో గల్ఫ్ దేశాలలో ఉన్నవారు ఉన్నారు. ఆ యిండ్లలో తండ్రి అంటే ఫోనులో వినవచ్చే గొంతే. ఆ గొంతే "ఆపదలో ఉన్నాను, వెంటనే డబ్బు పంపు" అని వేడుకొంటే ఏ తల్లి ఆగగలదు? కనుక కుటుంబమంతా కలసి ఒక గుర్తుమాటను ముందే నిర్ణయించుకోవాలి. అనుమానం కలిగితే ఫోను పెట్టివేసి, మనకు తెలిసిన నంబరుకు మనమే తిరిగి చేయాలి. సొమ్ము పోయినచో జాగు చేయక 1930కి తెలుపాలి.

చదువుకొన్న బిడ్డలు ఈ సంగతి ఇంట్లో అమ్మకు, నానమ్మకు విడమరచి చెప్పడం తమ విధిగా భావించాలి. గడియ తీసే ముందు "ఎవరు?" అని మరొక్కమారు అడగడం ప్రేమకు లోటు కాదు.