మెటాడోర్ వ్యాను: ఎగ్జాస్టు గ్యాస్కెట్టు, ఇంజను పునరుద్ధరణ

అంబాజీపేట కొబ్బరికీ, రావులపాలెం అరటికీ ఒకప్పుడు మెటాడోర్ వ్యానే వాహనం. పూనాలోని బజాజ్ టెంపో కంపెనీ దీనిని తయారు చేసినది. ఆ కంపెనీ 2005లో ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకున్నది. ఈ వ్యాను తయారీ నిలిచి రెండు దశాబ్దాలు దాటినది. మెటాడోర్ అంటే స్పానిష్ భాషలో ఎద్దుతో పోరాడే వీరుడు. మన కాలువగట్ల మీద ఆ వీరుడు పోరాడినది బురదతోనూ, ఉప్పుగాలితోనూ. అయినా కొన్ని వ్యానులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. నడుస్తున్న వాటిని ఎట్లా నడపాలి, ఎప్పుడు మానుకోవాలి అనే ప్రశ్న వాటి యజమానులకు బ్రతుకు తెరువుకు సంబంధించినది.

నాకు తెలిసిన ఒక వ్యాను కథతో ఈ వ్యాసం ఆరంభిస్తాను. యజమానే డ్రైవరు. కొబ్బరికాయల కిరాయి మీద ఇల్లు గడిచేది. ఆయనకు ప్రతి సాయంత్రం తలనొప్పి, కళ్ళ మంట. ఎండ దెబ్బ అనుకున్నాడు. ప్రొద్దున్నే ఇంజను స్టార్టు చేయగానే 'టక్ టక్'మని చప్పుడు. పది నిమిషాలు నడిస్తే తగ్గిపోయేది. ఎగ్జాస్టు గ్యాస్కెట్టు పోయిందన్నారు, మార్చారు. ఒక్క ఏడాదిలో మూడుసార్లు, మూడు షెడ్లలో మార్చారు. ప్రతిసారీ డబ్బు తీసుకున్నారు గాని, ఎందుకు పోతున్నదని ఒక్కరూ అడగలేదు. నాలుగవసారి ఆయన అమలాపురంలోని ఒక పెద్ద ఉస్తాదు వద్దకు వెళ్ళినప్పుడు నేను కూడా వెంట ఉన్నాను. భౌతికశాస్త్రం చెప్పుకునే నాకు ఆ షెడ్డులో గడిపిన నాలుగు రోజులలో తెలిసినది తక్కువేమీ కాదు.

తలనొప్పి సంగతి ముందు చెప్పాలి. తరువాతి కాలపు మెటాడోర్లలో అమర్చినది జర్మనీ మెర్సిడెస్ బెంజ్ వారి ఓ.ఎం. 616 తరగతి డీజిల్ ఇంజను. నాలుగు సిలిండర్లు, సుమారు 2,400 ఘన సెంటీమీటర్లు. ఈ వ్యానులో ఇంజను డ్రైవరు ప్రక్కనే, ఒక మూత క్రింద ఉంటుంది. సిలిండర్ల నుండి వెలువడే పొగ మేనిఫోల్డు అనే పోత ఇనుప గొట్టంలోనికి, అక్కడి నుండి సైలెన్సరులోనికి పోవాలి. మేనిఫోల్డు హెడ్డుకు అతుక్కునే చోట ఉండే పలుచని రేకే గ్యాస్కెట్టు. అది చిరిగితే పొగ నేరుగా మనిషి కూర్చున్న చోటికే వస్తుంది. పెట్రోలు ఇంజనుతో పోలిస్తే డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడు బాగా తక్కువే గాని, బొత్తిగా లేకపోలేదు. రంగూ వాసనా లేని ఆ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నైట్రోజన్ ఆక్సైడులు, మసి దీనికి తోడు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2012లో నిర్ధారించినది. వానకాలంలో అద్దాలు బిగించి, ప్రక్కన క్లీనరునో, ఆసుపత్రికి పోయే చుట్టాన్నో కూర్చోబెట్టుకుని నడిపే బండిలో ఇది 'చిన్న చప్పుడు' కాదు.

ఇక చప్పుడు వేడెక్కితే ఎందుకు తగ్గుతుంది? మేనిఫోల్డు పొడవు 40 సెంటీమీటర్లు అనుకుందాం. పోత ఇనుము ఒక డిగ్రీ వేడికి మీటరు పొడవున సుమారు 11 మైక్రోమీటర్లు సాగుతుంది. బరువుతో నడిచేటప్పుడు మేనిఫోల్డు వేడి 400 డిగ్రీలు పెరిగితే సాగుదల సుమారు 1.8 మిల్లీమీటర్లు. హెడ్డు కూడా ఇనుమే గాని, దాని చుట్టూ నీరు తిరుగుతుంది కనుక వేడి 60 డిగ్రీలకు మించి పెరగదు. సాగుదల పావు మిల్లీమీటరు. అనగా ఒకదానికొకటి బిగించిన రెండు ముఖాలు ప్రతి ప్రయాణంలోనూ ఒకటిన్నర మిల్లీమీటర్లు జరుగుతూ, చల్లారాక మళ్ళీ వెనుకకు వస్తున్నాయి. మధ్యలో నలిగేది గ్యాస్కెట్టు. వేడికి లోహం సాగి సందు కొంత మూసుకుంటుంది గనుకనే చప్పుడు తగ్గుతుంది. రోగం తగ్గినదని మాత్రం అనుకోరాదు. మేనిఫోల్డు రంధ్రాలు స్టడ్డుల కన్నా కొంచెం పెద్దవిగా ఉండేది, నట్లను నడుమ నుండి మొదలుపెట్టి ఇరువైపులకూ బిగించేది ఈ జరుగుడుకు చోటివ్వడానికే. చివరల నుండి బిగిస్తే మేనిఫోల్డు నడుమ ఉబ్బుగా నిలిచిపోతుంది. బహుశా మన వ్యానుకు మూడుసార్లూ జరిగినది అదే.

ఉస్తాదు గారు విప్పుటకు ముందు రోజు సాయంత్రమే స్టడ్డులన్నిటికీ కిరసనాయిలు, డీజిల్ కలిపి పోయించారు. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రతీర గ్రామాలకు తిరిగే బండ్లలో స్టడ్డు తుప్పు మన కోనసీమకు ప్రత్యేకమైన తలనొప్పి. రాత్రంతా నానిన తరువాత పానాతో ఒక్కసారిగా లాగక, కొంచెం ముందుకు, కొంచెం వెనుకకు త్రిప్పుతూ తీశారు. (పానా, పేచ్‌కస్, ఉస్తాద్ - షెడ్డులో తెలుగువాడు మాట్లాడే మాటల్లో సగం ఉర్దూయే. ఈ రెండు భాషల పిల్లలూ చదివే మన కళాశాలకు ఇది గుర్తు చేయనక్కరలేదు.) అయినా ఒక స్టడ్డు విరిగినది. మిగిలిన ముక్క మీద నట్టును వెల్డింగు చేసి, ఆ వేడి ఉండగానే త్రిప్పి తీశారు.

పాత గ్యాస్కెట్టును గీకే ముందు దానిని బాగా తడపమన్నారు. పాత గ్యాస్కెట్టులలో రాతినార అని మనం పిలిచే ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని దూళి పొడిగా ఊపిరితిత్తులలోకి పోతే ఎన్నో ఏళ్ళకు క్యాన్సరుగా బయటపడుతుంది. మన షెడ్లలో కుర్రవాళ్ళు దానిని గీకి నోటితో ఊదడం నేను చూచి ఉన్నాను. విద్యార్థులు తమ అన్నదమ్ములకు ఈ ఒక్క మాట చెప్పినా చాలు.

ముఖం శుభ్రపడిన తరువాత ఆయన మేనిఫోల్డు మీద ఇనుప స్కేలు నిలిపి, ఫీలర్ గేజి దూర్చారు. నడుమ 0.4 మిల్లీమీటర్ల రేకు సునాయాసంగా దూరినది. "గ్యాస్కెట్టు మంచిదేనండి. దాన్ని వంకర పీట మీద కూర్చోబెట్టేరండి," అన్నారు. ఇంజనును పట్టి ఉంచే రబ్బరు మౌంటు ఒకటి చినిగి ఉండటం కూడా చూపారు. ఇంజను ఊగుతుంటే, బాడీకి బిగించిన సైలెన్సరు గొట్టం ఊగదు. ఆ లాగుడంతా మేనిఫోల్డు మీదనే పడుతుంది. మేనిఫోల్డును లేత్ షాపులో ఫేసింగు చేయించి, మౌంటు మార్చి, ఇత్తడి నట్లతో బిగిస్తే ఆ పని అక్కడికి తీరినది. ఇత్తడి నట్టు ఇనుప స్టడ్డును తుప్పుతో పట్టుకోదు.

కాని ఉస్తాదు గారు అక్కడ ఆగలేదు. నాజిల్స్ తీయించి కంప్రెషన్ చూడమన్నారు. ఈ ఇంజను కొత్తగా ఉన్నప్పుడు సిలిండరులో 22 నుండి 24 బార్ల ఒత్తిడి చూపాలి. 15కు లోపు దిగినా, సిలిండర్ల మధ్య తేడా 3కు మించినా ఇంజను విప్పవలసిందే. మన వ్యాను చూపిన అంకెలు 19, 18, 13, 19. మూడవ సిలిండరు జబ్బు పడినది. యజమాని ముఖం వాడిపోయింది.

కారణం వెదుకగా రేడియేటరులో దొరికినది. తీర గ్రామాల బావులలో ఉప్పునీరు తెలిసినదే. దారిలో ఎక్కడ నీరు తగ్గితే అక్కడి బావి నీరే పోసుకుంటూ వచ్చారు. లోపల తెల్లని గార దిట్టంగా పేరుకుని, నీరు తిరగక, ఇంజను పలుసార్లు ఉడికినది. ఆ వేడికి పిస్టన్ రింగులు మసితో కలిసి గాడిలో అతుక్కుపోయాయి. రేడియేటరుకు మంచి నీరు, వీలైతే కూలెంటు పోయడం విలాసమని మన డ్రైవర్లు అనుకుంటారు. ఆ విలాసం లోపించిన ఫలితం ఇక్కడ ఫుల్ ఇంజను పనిగా తేలినది.

ఇంజనుకు ఖర్చు పెట్టే ముందు ఆయన ఛాసిస్‌ను పేచ్‌కస్‌తో అంతటా పొడిచి చూశారు. అది నాకు అన్నిటికన్న నచ్చిన పని. మన ప్రాంతంలో ఇంజను కన్న ముందే బాడీ తుప్పుకు పోతుంది. పేచ్‌కస్ దిగబడే ఛాసిస్ మీద కొత్త పిస్టన్లు పెట్టడం యజమానిని మోసగించడమేనని నా అభిప్రాయం. షెడ్డుకు లాభం కావచ్చు గాక. ఈ బండికి అదృష్టవశాత్తు ఛాసిస్ గట్టిగానే ఉన్నది.

ఇంజను దింపి విప్పిన వివరమంతా వ్రాయను. ముఖ్యమైనవి రెండు మూడు. బేరింగు మూతలు ఏది ఏ సిలిండరుదో చుక్కలు గుర్తు పెట్టి తీశారు; అవి తారుమారైతే క్రాంకు బిగుసుకుపోతుంది. బోరును పైన, నడుమ, క్రింద, అడ్డంగానూ నిలువుగానూ కొలిచారు. సిలిండరు గుండ్రంగానే అరగదు, ఒక ప్రక్కకు ఎక్కువ అరుగుతుంది కనుక ఒక్క కొలత చాలదు. మూడవది మరీ అరిగి ఉండగా నాలుగింటినీ ఒకే సైజుకు బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేశారు. 'హాఫ్ ఇంజను చేసి ఇచ్చేయండి' అని యజమాని బ్రతిమాలాడు. రింగులు మాత్రం మార్చితే అరిగిన గోడ మీద అవి నిలువవని ఆయన ఒప్పుకోలేదు. క్రాంకును గ్రైండింగు చేయించిన తరువాత దాని లోపలి నూనె దారులను తీగతో, గాలితో శుభ్రం చేయించారు. ఆ దారులలో మిగిలిన రవ్వంత ఇనుపరజను కొత్త బేరింగులను వారంలో తినివేస్తుంది. చివరకు చల్లని ఇంజను మీద వాల్వుల సందులు, లోనికి గాలి తీసుకునే వాటికి 0.10, పొగ వదిలే వాటికి 0.30 మిల్లీమీటర్లు పెట్టారు. పొగ వాల్వు ఎక్కువ వేడెక్కి సాగుతుంది గనుక దానికి ఎక్కువ సందు.

ఈ సందర్భంలో వరదల మాట ఒకటి. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి లంకలను ముంచినది. నీట మునిగి తేలిన డీజిల్ బండికి సెల్ఫు కొట్టరాదు. సిలిండరులో చేరిన నీరు గాలివలె నొక్కుకుపోదు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. నాజిల్స్ తీసి, చేతితో క్రాంకును త్రిప్పి, నీరు బయటకు పోయినదని చూచుకొన్న తరువాతనే ఇంజను నడపాలి.

వ్యాను తిరిగి రోడ్డెక్కినది. మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం బరువే వేయమని, వారానికి ఒకసారి ఇంజను పూర్తిగా చల్లారాక మేనిఫోల్డు నట్లు పట్టి చూడమని ఉస్తాదు గారు చెప్పారు. మొదటి వారం తరువాత యజమాని ఒంటరిగా పానా పట్టుకుని చూడగా, నడుమ నట్లు రెండు పావు చుట్టు బిగిశాయట. రెండవ వారం ఒక్కటీ కదలలేదు. ప్రొద్దుట చప్పుడు లేదు. సాయంత్రం తలనొప్పి రావడం లేదని ఆయన నాతో ముక్తేశ్వరం రేవు దగ్గర చెప్పాడు.