గుడ్డులోనే గుండెకు దెబ్బ

గిన్నెడు నీళ్ళలో ఒక కిరసనాయిలు చుక్క వేసి చూడండి. అది పైకి తేలి రంగురంగులుగా పరుచుకుంటుంది. కొంచెం సేపటికి నీళ్ళు కూడా వాసన కొడతాయి. అంటే నూనెలోని విషం నీళ్ళలోకి దిగిందన్న మాట.

భూమి లోపలి నుంచి తీసే నూనెను ముడి చమురు అంటారు. కిరసనాయిలు, పెట్రోలు, డీజిలు దాని నుంచే వస్తాయి. ముడి చమురును పెద్ద ఓడల్లో తీసుకుపోతారు.

1989 మార్చి 24న అమెరికాలోని అలాస్కా దగ్గర ఒక చమురు ఓడ రాతి దిబ్బకు గుద్దుకుంది. ఆ ఓడ పేరు ఎక్సాన్ వాల్దెజ్. సుమారు 4 కోట్ల లీటర్ల చమురు సముద్రంలో కలిసింది. ఒడ్డున రాళ్ళు నల్లబడ్డాయి. వేల వేల పక్షులు చచ్చిపోయాయి. ఇది అందరికీ కనిపించింది. కనిపించని నష్టం ఇంకొకటి ఉంది.

కొద్ది రోజులకే అక్కడ హెర్రింగ్ చేపలు గుడ్లు పెట్టే కాలం వచ్చింది. ఇవి మన కవళ్ళ జాతి చేపలే. ఒడ్డు దగ్గర నాచు మీద గుడ్లు పెడతాయి. చమురు చేరింది కూడా ఆ ఒడ్డుకే.

కడుపులో బిడ్డకు తల్లి తిన్నది చేరుతుంది కదా! చేపగుడ్డుకు చుట్టూ ఉన్న నీళ్ళే తల్లి కడుపు. నీళ్ళలో విషం ఉంటే గుడ్డులోకి పోతుంది. అప్పుడే తయారవుతున్న గుండెను దెబ్బ తీస్తుంది. గుండె సరిగా కొట్టుకోదు. గుండె చుట్టూ నీరు చేరుతుంది. వెన్ను వంకర పోతుంది. అలాంటి పిల్లలు బతకవు.

విషం చాలా కొంచెమే ఉంటే పిల్ల బతుకుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది. కానీ గుండెలో బలం ఉండదు. ఈదలేక అలిసిపోతుంది. తిండి పట్టుకోలేదు. పెద్ద చేప వస్తే తప్పించుకోలేదు. ఈ సంగతి శాస్త్రవేత్తలు పరీక్షలు చేసి తెలుసుకున్నారు.

1993లో అక్కడ హెర్రింగ్ చేపలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. వేట ఆగింది. జాలర్ల బతుకు దెబ్బతింది. చమురు వల్లనా, చేపల జబ్బు వల్లనా అని ఇంకా వాదన ఉంది. కానీ చమురు చేపపిల్లకు విషం అన్న దాంట్లో వాదన లేదు.

బోటు ఇంజనులో, మోటారులో మార్చిన పాత నూనెలో కూడా ఇలాంటి విషమే ఉంటుంది. దాన్ని కాలువలో, చెరువులో పొయ్యకూడదు. డబ్బాలో పట్టి పాత నూనె కొనేవాళ్ళకు ఇవ్వాలి. ఈ రోజు పిల్ల బతికితేనే రేపు వలలో చేప పడుతుంది. మన గంపలోకి వస్తుంది.

మాట్లాడుకోండి:
1. చమురు చేపపిల్లలో ముందుగా దేన్ని దెబ్బ తీస్తుంది?
2. పైకి బాగున్న పిల్ల కూడా ఎందుకు బతకలేదు?
3. మీ ఊళ్ళో పాత ఇంజను నూనె ఎక్కడ పోస్తున్నారు?