పారిశుద్ధ్య యంత్రం – దానిని నడిపే మనిషి

ఉద్యోగ నియామకం అనగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలేవి పోటీ పరీక్షలు, ఇంటర్వ్యూలు, ధ్రువపత్రాల నకళ్ళు. గుమాస్తా ఎంపిక సరిగా జరుగకపోతే కాగితాలు ఆలస్యమవుతాయి. అంతకు మించిన ఉపద్రవం సాధారణంగా ఉండదు. కాని ఎంపిక తప్పితే మనిషి ప్రాణమే పోయే నియామకం ఒకటి ఉన్నది. అది మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను శుభ్రపరచే యంత్రాన్ని నడిపే పనివాని నియామకం. పట్టణాలలోనే కాక, వసతి గృహం గల ప్రతి విద్యాసంస్థలోను ఏదో ఒకనాడు ఈ అవసరం కలుగుతుంది. కనుక ఆ పనివానిని ఎట్లా ఎన్నుకోవలె, అతనిలో ఏమి చూడవలె, అతనికి ఏమి సమకూర్చవలె అన్న ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

యంత్రం ఎందుకు వచ్చినది?

మురుగు నిలిచిన చోట గాలి మారిపోతుంది. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు నూటికి సుమారు 20.9 వంతులు ఉంటుంది. అది 19.5 వంతుల కంటె తగ్గిన చోటికి మామూలుగా దిగడం క్షేమం కాదు. మురుగు కుళ్ళినప్పుడు పుట్టే వాయువులలో హైడ్రోజన్ సల్ఫైడు మిక్కిలి ప్రమాదకరమైనది. అది గాలికంటె బరువైనది గనుక గుంత అడుగున నిలుస్తుంది. మొదట కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. కాని పది లక్షల వంతుల గాలిలో అది సుమారు 100 వంతులకు చేరేసరికి ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన పోయినది గనుక విషం కూడ పోయినదని మనిషి భ్రమపడతాడు. 500 వంతులు దాటినప్పుడు స్వల్పకాలంలోనే స్పృహ తప్పి ప్రాణం పోవచ్చును. ఇక మీథేన్ వాయువు గాలిలో నూటికి 5 నుండి 15 వంతుల మధ్య ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వతో పేలిపోగలదు.

ఇటువంటి చోట ధైర్యం గాని, దేహబలం గాని, పూర్వానుభవం గాని మనిషిని కాపాడలేవు. 2015 నవంబరులో కేరళలోని కోళిక్కోడు నగరంలో జరిగిన దుర్ఘటన ఇందుకు నిదర్శనం. మన ఆంధ్రప్రదేశ్ నుండి పొట్ట చేతబట్టుకొని వెళ్ళిన ఇద్దరు కూలీలు మ్యాన్‌హోల్‌లో స్పృహ కోల్పోయినారు. సమీపాన ఉన్న ఒక ఆటో డ్రైవరు వారిని రక్షింపబోయి తానూ దిగినాడు. ముగ్గురూ మరణించినారు. ఆ కూలీల భాష అతనిది కాదు, వారి మతం అతనిది కాదు. అతని త్యాగం చిరస్మరణీయం. కాని ఆ త్యాగం అవసరమైన పరిస్థితి కల్పించడం మాత్రం సమాజానికి సిగ్గుచేటు. రక్షింపబోయినవాడు కూడ బలి కావడం ఇటువంటి ప్రమాదాలలో తరచుగా కనిపించే లక్షణమని విద్యార్థులు గుర్తుంచుకొనవలె.

చట్టం ఏమి చెప్పుచున్నది?

మనుషుల చేత మలమూత్రాలు ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం చేయబడినది. అది చాలకపోవడం చేత 2013లో మరింత విస్తృతమైన చట్టం వచ్చి, ఆ సంవత్సరం డిసెంబరు 6 నుండి అమలులోనికి వచ్చినది. దాని 7వ సెక్షను ప్రకారం ఏ వ్యక్తి గాని, స్థానిక సంస్థ గాని, ఏజెన్సీ గాని తగిన రక్షణ సాధనాలు, జాగ్రత్తలు లేకుండా మురుగు కాలువను లేక సెప్టిక్ ట్యాంకును మనిషి చేత శుభ్రం చేయించరాదు. మొదటి నేరానికి రెండేళ్ళ వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. స్థానిక సంస్థలు ఆధునిక యంత్ర పరిజ్ఞానాన్ని వినియోగించవలెనని 33వ సెక్షను నిర్దేశించినది.

ఈ విషయమై న్యాయస్థానంలో జరిగిన సుదీర్ఘ పోరాటంలో సఫాయీ కర్మచారీ ఆందోళన్ పాత్ర ప్రధానమైనది. ఆ ఉద్యమ నాయకుడు, 2016లో మెగసెసే పురస్కారం పొందిన బెజవాడ విల్సన్, కోలారు బంగారు గనులలోని తెలుగు కుటుంబంలో జన్మించినవారు. 2003లో వేసిన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు చెప్పుచు, 1993 నుండి మురుగు కాలువలలో మరణించిన వారి కుటుంబాలకు తలా పది లక్షల రూపాయలు చెల్లించవలెనని ఆదేశించినది. 2023 అక్టోబరు 20న మరొక తీర్పులో ఆ మొత్తాన్ని ముప్పది లక్షలకు పెంచినది.

చట్టం ఉన్నది, తీర్పు ఉన్నది, నష్టపరిహారమూ ఉన్నది. కాని పరిహారం పోయిన మనిషిని తెచ్చి ఇవ్వలేదు. కనుకనే యంత్రము, దానిని సరిగా నడపగల మనిషి అవసరమైనారు.

యంత్రం పని తీరు

ఆపరేటరును ఎన్నుకొనే ముందు యంత్రాన్ని గురించి కొంత తెలిసియుండవలె. జెట్టింగ్ యంత్రం ఒక వాహనంపై అమర్చిన నీటి ట్యాంకు, పంపు, పొడవైన గొట్టం చుట్టిన చక్రం కలిసిన సాధనం. గొట్టం కొసన నాజిల్ ఉంటుంది. దాని రంధ్రాలలో ఎక్కువ భాగం వెనుకవైపునకు తిరిగి ఉంటాయి. వాటి నుండి నీరు వెనుకకు చిమ్మినకొలది నాజిల్ ముందుకు దూసుకొనిపోతుంది. ఆ నీరే పైపులోని పూడికను వెనుకకు త్రోసుకొని వస్తుంది. అందుచేత గొట్టాన్ని పల్లపు వైపు మ్యాన్‌హోల్ నుండి మెరక వైపునకు పంపుతారు. పూడిక పల్లపు మ్యాన్‌హోల్‌లోనికి చేరిన తరువాత పీల్చే యంత్రం దానిని తోడివేస్తుంది. ఎవ్వరూ లోపలికి దిగవలసిన పని లేదు.

ఇది వినుటకు సులభమే. కాని ఇటువంటి పంపులో ఒత్తిడి 150 బార్ల వరకు ఉండవచ్చును. మోటారుకారు టైరులోని గాలి సుమారు 2 బార్లు అని తలచుకొంటే ఆ బలం ఎంతటిదో తెలియగలదు. ఆ నీటిధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. పైకి చిన్న గాటుగా కనిపించినా లోపల మురికి చేరి చేయి తీసివేయవలసిన పరిస్థితి రావచ్చును. నాజిల్ పైపులోనికి ప్రవేశించక ముందే ఒత్తిడి పెంచితే గొట్టం పాము వలె ఎగిరి పక్కనున్న వానిని కొట్టగలదు. పాత మట్టి పైపులలో మితిమీరిన ఒత్తిడి వాడితే పైపే పగులుతుంది. యంత్రం మనిషిని గుంతలో నుండి పైకి తీసినది నిజమే. కాని అజాగ్రత్తగా నడిపితే గట్టుమీద కూడ గాయపరచగలదు.

ఆపరేటరులో చూడవలసిన లక్షణాలు

మొదటిది, వాహనం నడిపే అర్హత. యంత్రం ఏ వాహనంపై ఉన్నదో ఆ వాహనపు బరువుకు తగిన లైసెన్సు ఉండవలె. మొత్తం బరువు 7,500 కిలోలు దాటిన వాహనానికి తేలికపాటి వాహనపు లైసెన్సు చాలదు.

రెండవది, యంత్ర జ్ఞానం. గేజి చూచి ఒత్తిడి చెప్పగలగడం, పైపు వ్యాసానికి తగిన నాజిల్ ఎంచుకొనడం, గొట్టంలో బీటలు, ఉబ్బులు గుర్తించడం, అత్యవసరంగా పంపును ఆపడం, ఇవన్నీ అతనికి కరతలామలకంగా ఉండవలె. వీటిని ప్రశ్నలతో కాక పని చేయించి చూచి తెలుసుకొనవలె.

మూడవది, కాలువ జ్ఞానం. ఏ మ్యాన్‌హోల్ నిండి ఉన్నది, ఏది ఖాళీగా ఉన్నది చూచి, అడ్డు ఆ రెండింటి మధ్య ఉన్నదని గ్రహించగల నేర్పు పుస్తకాల వలన వచ్చేది కాదు.

నాలుగవది, నా దృష్టిలో అన్నింటికంటె ముఖ్యమైనది, ‘దిగను, దింపను’ అని చెప్పగల నిబ్బరం. నాజిల్ లోపల చిక్కుకొన్నదనుకొందాము. యజమాని తొందర చేస్తాడు, ఇంటివారు కోపగిస్తారు, పక్కనున్న కుర్రవాడు ‘ఒక్క నిమిషం, నేను దిగి తీస్తాను’ అంటాడు. ఆ ఒక్క నిమిషమే ప్రాణాంతకం. అప్పుడు అడ్డుపడి, పంపు ఆపి, మూత చుట్టూ కంచె కట్టి, సహాయం కోసం కబురు పంపగలవాడే నిజమైన ఆపరేటరు. ఎంపిక సమయంలో ఇటువంటి సందర్భాన్ని వర్ణించి, ‘నీవైతే ఏమి చేస్తావు?’ అని అడుగవలె. ‘నేనే దిగుతాను’ అన్నవాడు ధైర్యవంతుడే కావచ్చును. కాని అతనికి ఇంకా శిక్షణ కావలె.

అయితే పనివానిని మాత్రమే పరీక్షించి, పని ఇచ్చేవారిని పరీక్షించకుండుట న్యాయం కాదు. వాయువులను కొలిచే పరికరం, చేతొడుగులు, బూట్లు, కంటి అద్దాలు, శిరస్త్రాణం ఇచ్చినారా? సహాయకుడు ఉన్నాడా? ప్రావిడెంటు ఫండు, ఈ.ఎస్.ఐ., బీమా ఉన్నవా? దిగడానికి నిరాకరించిన వానిని పనిలో నుండి తీసివేయబోమన్న హామీ ఉన్నదా? ఈ ప్రశ్నలకు జవాబు లేని చోట పైన చెప్పిన నిబ్బరాన్ని పనివాని నుండి ఆశించడం అత్యాశ.

మొదటి హక్కు ఎవరిది?

ఇచ్చట ఒక చిక్కు ఉన్నది. యంత్రం రాగానే దాని వెంట చదువుకొన్న ఆపరేటరు వస్తాడు. ఇంతకాలం గుంతలో దిగినవాడు పదవ తరగతి ధ్రువపత్రం లేదన్న కారణంగా ఇంటికి పోతాడు. అతని ప్రాణం దక్కినది, జీవనాధారం పోయినది. ఇది న్యాయమా? కాలువ జ్ఞానం ఎవరి దగ్గర ఉన్నదో వారినే త్రోసిపుచ్చడం వివేకమా?

ఈ చిక్కుకు మార్గం చూపిన నగరాలలో మన హైదరాబాదు ఒకటి కావడం సంతోషదాయకం. 2017లో హైదరాబాదు మహానగర జలమండలి, దళిత పారిశ్రామికవేత్తల సంఘమైన ‘డిక్కీ’ సహకారంతో, ఇరుకు సందులలోనికి పోగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టినది. వాటి యాజమాన్యంలో దళితులకు అవకాశం కల్పించడం ఆ పథకపు విశేషం. ఇదే బాటలో ఢిల్లీ నగరంలో 2019 ఫిబ్రవరిలో 200 యంత్రాలు ప్రారంభమైనాయి. కేరళలో యువ ఇంజనీర్లు తయారు చేసిన ‘బ్యాండికూట్’ అనే యంత్రం 2018లో తిరువనంతపురంలో పనిలోనికి దిగినది. కోళిక్కోడు దుర్ఘటనయే తమను కదిలించినదని ఆ యువకులు చెప్పినారు. పూర్వం గుంతలలో దిగిన పనివారికే దానిని నడిపే శిక్షణ ఇచ్చినారు.

2013 చట్టంలో సైతం నిషేధంతో పాటు పునరావాసం ఉన్నదని మరువరాదు. గుర్తింపబడిన వారికి వృత్తి శిక్షణ, ఆ కాలంలో నెలకు మూడు వేల రూపాయలకు తగ్గని భృతి, రుణ సౌకర్యం అందులో పేర్కొనబడినవి. కనుక ధ్రువపత్రానికి బదులు పని పరీక్ష పెట్టవలె. యంత్రపు సూచనల పుస్తకం ఆంగ్లంలో ఉంటే దానిని తెలుగులోను, ఉర్దూలోను సులభమైన మాటలలో వ్రాసి, బొమ్మలు గీసి ఇవ్వవలె. రెండు భాషలు నేర్చుచున్న మన విద్యార్థులు ఈ పనికి మిక్కిలి తగినవారు. ఇంతకంటె ఉపయోగకరమైన అనువాద అభ్యాసం మరొకటి ఉంటుందని నేననుకొనను.

రెండు మాటలు

భాషాధ్యాపకుడను గనుక రెండు మాటలను గురించి ప్రస్తావింపక తప్పదు. ‘సఫాయీ’ అన్న మాటకు మూలం అరబ్బీలోని ‘సఫా’. నిర్మలత్వమని దాని అర్థం. ‘మెహతర్’ అన్న పారసీక పదానికి ‘అధికుడు, పెద్దవాడు’ అని అర్థం. ఉర్దూలో అది పాకీపని వారి పేరైనది. భాష వారికి పెద్దరికాన్ని ఇచ్చినది, సమాజం మాత్రం గుంతను ఇచ్చినది. ఆ మాటకు తగిన గౌరవం పనివానికి దక్కవలెనన్న, అతని చేతికి యంత్రపు మీట, అతని జేబుకు తగిన జీతం, అతని నోటికి ‘దిగను’ అనే హక్కు ఇవ్వవలె.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. చట్టం పురపాలక సంఘాలకు మాత్రమే కాదు, పని చేయించే ప్రతివారికీ వర్తిస్తుంది. మన ట్యాంకు నిండిననాడు తక్కువ ధర చెప్పినవానిని పిలువక, యంత్రము, శిక్షణ పొందిన ఆపరేటరు, రక్షణ సాధనాలు ఉన్నవా అని ముందుగా అడిగి, ‘మనిషిని లోపలికి దింపరాదు’ అన్న షరతును కాగితంపై వ్రాయించుకొనవలెను. విద్యార్థులు కూడ తమ ఇండ్లలో పెద్దలకు ఈ విషయం చెప్పవలె. ఆ షరతు వ్రాయుటకు ఒక్క పంక్తి చాలును. దాని వలన ఒక ఇంటి దీపం నిలుస్తుంది.